కంకణం ఎవరి చేతికి

"గుండు నాది, కంకణం నాన్నది! ఇదెక్కడి న్యాయమమ్మా?"

కొడుకు అరుపుకి, కిటికీ దగ్గర తడిబట్టలు దులుపుతున్న కోడలు ఒక్కసారి ఆగి, పెదవి కొరుక్కుని, మళ్ళీ దులపసాగింది. ఆపుకున్నది నవ్వో ఏడుపో తల్లికి తెలియలేదు.

"మెల్లిగా ఏడువు. గోడకి అవతల ఆచార్యులవారు జపంలో ఉన్నారు."

"వినపడనీ. నిన్న అందరి ముందూ కట్టింది ఆయనే కదా? ఎవరికి కడుతున్నానో చూసుకోవద్దూ?"

"చాచిన చేతికి కట్టారు. ఆయనకేం తెలుసు, ఉత్సవం జరిపించడానికి వచ్చిన పొరుగూరి మనిషి."

"నేననేదీ అదే. చాచిన చెయ్యి ఎవరిది?"

నిన్న సాయంత్రం నుంచి ఈ ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే. గుడి వెనక ఆనుకుని ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో గొంతు పెంచితే గర్భగుడిలోకి వినిపిస్తుంది. గొంతు తగ్గిస్తే ఎదురుగా ఉన్నవాడికే వినిపించదు. అందుకే కాబోలు, ఆ ఇంట్లో చెప్పవలసిన మాటలు ఎప్పుడూ సగం గొంతులోనే నిలిచిపోతాయి.

ఏటేటా స్వామికి జరిగే ఉత్సవాలకు జెండా ఎక్కే ముందు, ఒక అర్చకుడి మణికట్టుకు పసుపు కంకణం కడతారు. ఆ కంకణం ఉన్న చేతులే ఊరేగే విగ్రహాన్ని ఎత్తాలి. వేరే చెయ్యి తగలకూడదు. జెండా దిగేదాకా ఆ దారం విప్పకూడదు. ఈసారి అది కొడుకు చేతికి అని ఇంట్లో అనుకున్నారు. గుడి కమిటీకి చెప్పారు. దీక్ష కోసం వాడు గుండు కూడా చేయించుకున్నాడు. ఆచార్యులవారికి తండ్రి చెప్పి ఉంటాడని కొడుకూ, కొడుకు చెప్పి ఉంటాడని తండ్రీ, వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా అని తల్లీ అనుకున్నారు. ముగ్గురూ కలిసి అందంగా చెప్పకుండా ఊరుకున్నారు.

తీరా సమయం వచ్చి ఆచార్యులవారు కంకణం పట్టుకుని "చెయ్యి" అనగానే, ముందుకొచ్చింది తండ్రి చెయ్యి.

"అలవాటు సుమండీ!" అని ఆమె భర్త నవ్వారట. అందరూ నవ్వారట. ఆ నవ్వులు వినపడినప్పుడు ఆమె మడపల్లిలో, స్వామి నైవేద్యం వండే ఆ వంటింట్లో, గంజి వారుస్తూ ఉంది. ఏదో శుభమే జరిగిందనుకుని తనూ నవ్వింది.

"నువ్వు చూశావు కదే, ఏం జరిగింది?" అని నిన్న రాత్రి కోడలిని నిలదీస్తే, "స్తంభం అడ్డం అత్తయ్యా. నాకు కనిపించింది ఈయన గుండొక్కటే" అంది ఆ పిల్ల.

ఇప్పుడా గుండు కిందకి వంగి సంచిలో చొక్కాలు కుక్కుతోంది.

"ఎక్కడికిరా?"

"పనికి. లిఫ్టులు బాగుచేసేవాడికి ఎక్కడైనా పనే. మా సూపర్‌వైజరు కాళ్ళు పట్టుకుని సెలవు తీసుకున్నాను. ఇక్కడ నాకేం పని, హారతి పళ్ళేనికి కాపలానా?"

"ఆ సంచి పొద్దుట్నుంచి సర్దడం ఇది మూడోసారి అత్తయ్యా," అంది కోడలు వెనక్కి తిరక్కుండానే. "సర్దుతారు, విప్పుతారు. ఉతికిన బట్టలు నలిగి, నలిగినవి మళ్ళీ ఉతికాను. వెళ్తే వెళ్ళమనండి, లేకపోతే సంచి నాకిచ్చెయ్యమనండి."

"నువ్వు మధ్యలో..."

"నేను మధ్యలోనే ఉన్నాను. ఆ ఊళ్ళో ఇంటికి తాళం వేసి వచ్చింది మీరొక్కరే కాదు."

కొడుకు సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఆగింది. లాగాడు. రాలేదు. తన్నాడు.

తల్లి కళ్ళు మూసుకుంది. వీడి అరుపుతో విసుగు, ఆయన మౌనంతో విసుగు, ఆఖరికి జిప్పుతో కూడా విసుగు. పండగంటే దేవుడికి, పరీక్షంటే తనకి.

అసలు బెంగ గుండు గురించీ కాదు, కోపం గురించీ కాదు. భర్త కుడిచేతి బొటనవేలు పట్టు తప్పి ఏడాది కావస్తోంది. మొదట చెంబు జారింది. తర్వాత గంట జారింది. పువ్వు నిలవని వేలికి పంచలోహ విగ్రహం నిలుస్తుందా? ఈ సంగతి ఈ నాలుగు గోడలకే తెలుసు. కమిటీకి మాత్రం "కుర్రాడు నేర్చుకోవాలి కదండీ" అని చెప్పారు. ఇవాళ సాయంత్రం తొలి ఊరేగింపు. ఆ చేతులతోనే ఆయన స్వామిని ఎత్తి, మెట్లు దిగి, వాహనం మీద కూర్చోబెట్టాలి. జారితే? జారితే అన్న మాట దగ్గరే ఆమె ఆలోచన ప్రతిసారీ తడబడి నిలిచిపోతోంది.

"సాయంత్రం దాకా ఆగు," అంది.

"ఆగితే?"

"ఆగమన్నానురా! ప్రతిదానికీ ఓ ప్రశ్న!"

*

మడపల్లిలో పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది. గడపకి అవతల నిలబడి వేడినీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపారు ఆచార్యులవారు. బక్కపలచని మనిషి. ఒక్కొక్క మాటనూ తక్కెట్లో వేసి తూచినట్టు మాట్లాడతారు.

గరిటెతో చెంబులోకి నీళ్ళు పోస్తూ ఆమె అడిగింది. "కంకణం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చొచ్చాండీ?"

"మార్చకూడదమ్మా."

ఆమె నీళ్ళు పొయ్యడం ఆపేసింది.

"కూడదు గానీ, దారి లేకపోలేదు."

ఆ రెండో ముక్క ముందు చెబితే ఈయన సొమ్మేం పోయింది, అనుకుంది మనసులో. పైకి, "ఏమిటండీ ఆ దారి?" అంది.

"కట్టుకున్నవాడు స్వామి ఎదుట నిలబడి, 'నాకు శక్తి చాలదు' అని తన నోటితో తాను చెప్పుకోవాలి. ఇంకొకరు చెబితే చెల్లదు. అప్పుడు విప్పి, శాంతి పూజ చేసి, రెండోవాడికి కడతాను. ఎందుకడుగుతున్నావు తల్లీ?"

"ఊరికేనండీ. తెలుసుకుందామని."

"ఊరికే తెలుసుకునేవాళ్ళు గరిటెను అంత గట్టిగా పట్టుకోరు," అని చెంబు తీసుకుని వెళ్ళిపోయారు ఆయన.

ఆమె గరిటె వంక చూసుకుంది. నిజమే, వేళ్ళు తెల్లబడ్డాయి. తన పట్టులో సగం భర్తకి అరువిచ్చే శాంతి ఏదైనా ఉంటే ఎంత బాగుండును!

"ఎసరు చూడు," అని కోడలికి చెప్పి బయల్దేరింది.

*

స్వామి పట్టుబట్టలూ ఆభరణాలూ ఉండే గదిలో ఆమె భర్త ఒక్కరే ఉన్నారు. కిటికీ లేని గది, కర్పూరం వాసన, గోడకు ఆనించిన గొడుగులు. పట్టుబట్ట అంచు మడిచి ముడి వెయ్యబోతున్నారు. ముడి పడలేదు. గుమ్మం వైపు వీపు తిప్పి ఒక కొసను పళ్ళతో పట్టుకున్నారు.

"ఏమండీ."

పళ్ళు వదిలేశాయి. "ఊఁ."

"ఆచార్యులవారిని అడిగాను. దారి ఉందిట. మీరు స్వామి ముందు ఒక్క మాట చెబితే చాలుట."

"ఏం మాట?"

"నాకు శక్తి చాలదు అని."

"చెప్పను."

అంతే. ఆమె నిలబడింది. ఆయన పట్టుబట్ట మడిచారు, విప్పారు, మళ్ళీ మడిచారు. కొడుక్కి ఆ సంచి జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"దీక్షలో మౌనవ్రతం లేదు కదండీ. ఎందుకు చెప్పరో అదన్నా చెప్పండి."

"పని చూసుకో. నైవేద్యం వేళవుతోంది."

"నైవేద్యం నేను పుట్టకముందు నుంచీ వేళవుతూనే ఉంది. ఆ విగ్రహం మీ చేతిలోంచి జారితే ఏం చేస్తారు? అప్పుడు కూడా 'అలవాటు సుమండీ' అంటారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత పాలిపోయింది. పెట్టె మీద కూర్చుని, కంకణం ఉన్న చేతిని రెండో చేత్తో కప్పుకున్నారు.

"నీ కొడుకు చెయ్యి చాచలేదే."

"ఏమిటీ?"

"ఆచార్యులు 'చెయ్యి' అన్నారు. నేను పక్కకి జరిగాను, వాడికి దారిచ్చాను. వాడు ముందే ఉన్నాడు. రెండు చేతులూ ఉత్తరీయం కింద దాచుకుని బొమ్మలా నిలబడ్డాడు. కమిటీ ప్రెసిడెంటు చూస్తున్నాడు. జనం చూస్తున్నారు. ఇంకాసేపు ఆగితే వీడికి ఇష్టం లేదని అందరికీ తెలిసిపోయేది. అర్చకుడి కొడుకు స్వామి పని ఒద్దన్నాడని రేపు వీధి వీధంతా చెప్పుకునేది. ఏం చెయ్యమంటావు? నా చెయ్యి పెట్టాను."

ఆమె ఆయన కప్పుకున్న మణికట్టు వంక చూసింది.

"మరి... అలవాటు అన్నారు?"

"ఏదో ఒకటి అనాలిగా."

"వాడితో చెప్పొచ్చుగా?"

"ఏమని? నీ పరువు కాపాడానురా, దణ్ణం పెట్టు అనా?"

"వాడికి ఇష్టం లేదని వాడన్నాడా?"

"అనాలా? నేను కన్న కొడుకు నిలబడిన తీరు నాకు తెలీదూ?" ఆయన లేచి మళ్ళీ పట్టుబట్ట అందుకున్నారు. "ఇప్పుడు నాకు శక్తి లేదంటే వాడికి కడతారు. వాడు మళ్ళీ అలాగే నిలబడితే? ఈసారి పెట్టడానికి ఇంకో చెయ్యి ఎక్కడుంది?"

*

కొడుకు ఇంట్లో లేడు. సంచి ఉంది. జిప్పు ఊడి వచ్చింది.

"వాహనం దగ్గరికెళ్ళారు," అంది కోడలు. "అలిగి."

వెనక పెరట్లో, స్వామి ఎక్కే వాహనాన్ని బిగించిన బండి కింద రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. పక్కన గ్రీజు డబ్బా. ఇనుము మీద ఇనుము టంగుటంగుమంటోంది.

"పోయేవాడివి చక్రాలతో నీకేంట్రా?"

"కిర్రుమంటోంది," అన్నాయి పాదాలు. "నాకు చిరాకు."

"ఇవతలికి రా."

"ఈ బోల్టు బిగించి వస్తాను."

"బోల్టూ లేదు, నీ బొందా లేదు. రా అంటే రా!"

నుదుటి మీద, నున్నని గుండు మీద గ్రీజు మరకలతో బయటికొచ్చాడు. ఆ అవతారం చూస్తే మరో రోజైతే నవ్వేది. ఇవాళ నేరుగా అడిగేసింది.

"నిన్న ఆచార్యులవారు 'చెయ్యి' అన్నప్పుడు నువ్వు చాచావా?"

వాడు పాతగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే. శుభ్రమైన వేలిని కూడా తుడిచాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. చాచావా?"

"ఆగానమ్మా." గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "ఆ దారం చూడగానే భయమేసింది. ఇది ఈ ఉత్సవాలతో పోయేది కాదు, ఇక ప్రతి ఏడూ నేనే, నా ముసలితనం దాకా నేనే అనిపించింది. ఒక్క ఊపిరి తీసుకుందామని ఆగాను. అంతే. ఆ ఊపిరి వదిలేలోగా ఆయన చెయ్యి వచ్చేసింది. ఒక్క ఊపిరి, అమ్మా! కన్నకొడుక్కి ఒక్క ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇవ్వలేరా?"

"నీకు ఇష్టం లేదనుకున్నారురా ఆయన. నలుగురిలో నీ తల వంగకూడదని తన చెయ్యి పెట్టారు."

గుడ్డ ఆగిపోయింది.

"అలవాటన్నారు కదా?"

"అబద్ధం."

వాడు చక్రం వంక తిరిగాడు. ఏదో అనబోయాడు. మింగేశాడు. ముమ్మూర్తులా తండ్రే.

"ఇప్పుడు చెప్పు. నీకు కావాలా వద్దా?"

"అది ఆయన్ని అడగమను."

"నేనడుగుతున్నాను!"

"కావాలి," అన్నాడు. చక్రానికి చెప్పినట్టు చెప్పాడు.

"అయితే వెళ్ళి ఆ ముక్క ఆయనతో చెప్పు."

"ఆయన అడగాలిగా ముందు."

ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరి తల అన్నది మాత్రం తేల్చుకోలేకపోయింది.

"దేవుడి ముందు కూర్చుంటే ఇద్దరికిద్దరూ గుక్క తిప్పుకోకుండా మంత్రాలు చదువుతారు. రాతి ముందు అంత నోరుంది, రక్తం ముందు ఒక్క మాట పెగలదు! ఆయన చెప్పడు, నువ్వడగవు. నువ్వు చెప్పవు, ఆయన అడగడు. మధ్యలో నేనేమన్నా మీ ఇద్దరికీ టెలిఫోను తీగనా? లే. చేతులు కడుక్కో. నాతో రా."

వాడు లేచాడు. అదే గొప్ప. కుళాయి దగ్గర మోచేతుల దాకా రుద్దుకున్నాడు. ఇద్దరూ పెరడు దాటి గుమ్మం ఎక్కేసరికి, లోపల గణగణా గంట మోగింది.

ఆభరణాల గది ఖాళీ. గర్భగుడికి అడ్డంగా ఎర్రటి తెర పడిపోయింది. తెర వెనక అలంకారం. తెర పడ్డాక లోపలున్నవాళ్ళని పిలవకూడదు.

కొడుకు తెర వంక చూశాడు. తల్లి కొడుకు వంక చూసింది.

"తర్వాత చెప్తాలే," అన్నాడు.

"తర్వాత ఏముంటుందిరా," అంది ఆమె, "జారాక?"

*

సాయంత్రానికి గుడి నిండిపోయింది. బయట వీధిలో సన్నాయి సాధన చేస్తోంది. డోలు తడబడి సర్దుకుంటోంది. పక్కవీధిలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే కమిటీ ప్రెసిడెంటు కండువా సవరించుకుంటూ అందరికంటే ముందు నిలబడ్డాడు.

తెర తొలిగింది. దీపాల వెలుగులో స్వామి తళతళలాడారు. పక్కన ఆయన. మణికట్టుకి పసుపు దారం, నుదుట చెమట.

"స్వామిని ఎత్తండి," అన్నారు ఆచార్యులవారు.

"ఆగండి!"

ఆ గొంతు తనదేనని ఆమెకి ఒక లిప్త తర్వాత తెలిసింది. తడిచేతులతో, చెరగు నడుముకి దోపుకుని, మడపల్లి గుమ్మంలోంచి జనం మధ్యలోకి ఎప్పుడు నడిచి వచ్చిందో కూడా తెలియదు.

"ఆచార్యులవారూ, క్షమించండి. ఆయన కుడిచేతిలో పట్టు లేదు. ఏడాదిగా లేదు. ఆ చేత్తో ఎత్తనివ్వకండి."

సన్నాయి కూడా ఊపిరి బిగబట్టినట్టయింది. ఆయన భార్య వంక చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చూపు ఆమె ఎన్నడూ ఎరగదు. అందులో కోపం లేదు, ఏమీ లేదు.

ముందు తేరుకున్నది ప్రెసిడెంటు.

"ఏడాదిగానా? ఏమిటి అయ్యగారూ ఇది? పట్టు లేని చేత్తోనేనా ఇన్నాళ్ళూ అభిషేకాలు చేశారు? మా దగ్గర దాచారా? పెద్దవారని గౌరవించి ఊరుకుంటుంటే..."

జనంలో గుసగుస పుట్టి గాలిలా పాకింది. "అందుకా మొన్న గంట పడింది?" అని ఎవరో అన్నారు. ఎవరో చిన్నగా నవ్వారు కూడా. ఆయన తల వాలిపోయింది. జనం ముందు ఆ తల వంగడం ఆ గుడిలో ఎవరూ చూడలేదు.

ఇదిగో, ఇప్పుడు. ఇప్పుడు చెప్పండి. ఒక్క మాట. ఆమె మనసులో మొక్కుకుంది. మొక్కింది స్వామికి కాదు, ఆయనకి.

"అమ్మ కంగారు పడుతోందండీ."

అందరూ తిరిగారు. కొడుకు. గుండు మీద ఇంకా ఒక గ్రీజు మరక. ప్రెసిడెంటుకీ తండ్రికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"పొద్దుట్నుంచి పొయ్యి దగ్గరుంది, కళ్ళు తిరిగి ఏదో అంటోంది. నాన్న చేతికేం కాలేదు. నాకంటే గట్టి చెయ్యి. కావాలంటే మీరు వేలందించి చూడండి, విరుగుతుంది."

ఎవరో పకపకా నవ్వారు. ఈసారి నవ్వు ప్రెసిడెంటు వైపు తిరిగింది. అతను కండువా సవరించుకున్నాడు.

"ఒరే!" అంది తల్లి.

ఆచార్యులవారు నవ్వలేదు. "అయ్యా, మీ నోటితో మీరు చెప్పండి," అన్నారు. "ఏది నిజం?"

ఆయన తలెత్తారు. చూపు భార్య మీద నిలవలేదు. ఆమెను దాటి కొడుకు మీద నిలిచింది. శక్తి చాలదంటే, ఇంతమంది ముందు కొడుకు అబద్ధాలకోరు. ఆ లెక్క ఆయన కళ్ళలో కదలడం ఆమె చూసింది. చూసి, ఒళ్ళు మండిపోయింది. అయ్యో దేవుడా, వీళ్ళిద్దరూ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, నలుగురిలో మాత్రం ఒకరి పరువు ఒకరు కాపాడుకుని నా కొంప ముంచుతున్నారే!

"మా వాడు చెప్పిందే నిజం," అన్నారు ఆయన.

కొడుకు ముఖంలో రంగు పోయింది. ఏం చేశాడో వాడికి అప్పుడు తెలిసింది. తండ్రి వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

"అయితే ఎత్తండి," అన్నారు ఆచార్యులవారు.

సన్నాయి అందుకుంది. ఆయన వంగారు. స్వామి పీఠం మీంచి లేచారు. జనం చేతులన్నీ ఒక్కసారిగా జోడించుకున్నాయి.

ఆమె చేతులు జోడించలేదు. ఆమె కళ్ళు విగ్రహం మీద లేవు, ఆయన కుడిచేతి బొటనవేలి మీద ఉన్నాయి. నాలుగు వేళ్ళు స్వామి పాదపీఠం కింద బిగుసుకున్నాయి. ఐదోది దేన్నీ పట్టుకోకుండా, గాలిలో, తన దారిన తాను వణుకుతోంది.

ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టారు.